వరుసగా కొనండి, వరుసలో తాగకండి: బోర్డో రెండో వైన్‌ను ఏడు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టి రుచి చూసే పద్ధతి

ఒకే వైన్‌ను ఏడు సంవత్సరాలవి తెప్పించుకుని, పాతది మొదలుకొని కొత్తదాకా తాగి, చివరికి “రంగులో కాస్త తేడా, అంతే” అని పెదవి విరిచినవారు నాకు నలుగురైదుగురు తెలుసు. వారి నాలుకలో లోపమేమీ లేదు. గది వేడిగా ఉంది. గ్లాసుల్లో అలమర వాసన ఉంది. సగం సీసాలు ఫ్రిజ్‌లోంచి అప్పుడే బయటికి వచ్చాయి. రెండో గ్లాసు దగ్గరే అందరూ కబుర్లలో పడ్డారు.

ఇలాంటి సాయంత్రం బాగా జరగాలంటే పనిలో చాలా భాగం సీసా తెరవక ముందే అయిపోవాలి. ఇక్కడ రాసింది ఆ పని. ఉదాహరణకు ఫ్రాన్స్‌లోని బోర్డోలో, మార్గో ప్రాంతపు షాటో పామెర్ అనే ద్రాక్షతోట ఎస్టేటు తయారు చేసే రెండో వైన్ ‘ఆల్టర్ ఎగో’ను తీసుకున్నాను. లె ఫోర్ ద లాటూర్, పావియోన్ రూజ్, లా దామ్ ద మోంట్రోజ్ వంటి ఇతర రెండో వైన్లకూ ఇదే పద్ధతి సరిపోతుంది.

రెండో వైన్ అంటే నాసిరకం అని కాదు. ఎస్టేటువారు ఏటా ఒక్కో మడి ద్రాక్షను వేరువేరుగా పులియబెట్టి, రుచి చూసి, కొన్నింటిని ప్రధాన వైన్‌కు, మిగిలినవాటిలో మంచివాటిని రెండో పేరుతో సీసాల్లో నింపుతారు. పామెర్ వారికి ‘రెండోది’ అన్న మాటే నచ్చదు. అదే తోటకు ఇంకో ముఖం అంటారు. మన పనికి ఏ పేరైనా ఒకటే.

1. ఏ తేడా కోసం వెతుకుతున్నారో ముందు తేల్చుకోండి

రెండు సంవత్సరాల సీసాల మధ్య తేడా కనిపిస్తే దానికి కారణాలు నాలుగు ఉండవచ్చు.

- ఆ ఏటి వాతావరణం
- వైన్ వయసు
- ఆ ఏడు కలిపిన ద్రాక్ష రకాల పాళ్లు, ఎంపిక
- ఆ ఒక్క సీసా గడిపిన జీవితం: ఎండలో మగ్గిందా, చల్లటి గిడ్డంగిలో ఉందా

గ్లాసులోకి వచ్చాక ఈ నాలుగూ కలిసిపోతాయి. ఏది దేనివల్లో నాలుక చెప్పలేదు. కాబట్టి నాలుగోదాన్ని కొనుగోలు దగ్గరే తొలగించాలి. మూడోదాన్ని కాగితం మీద ముందే రాసుకోవాలి: ఆల్టర్ ఎగోలో మెర్లో, కాబర్నే సోవిన్యాన్ అనే ద్రాక్ష రకాలు ప్రధానం, కొద్దిగా పెటీ వెర్డో, పాళ్లు మాత్రం ఏటేటా మారతాయి. ఎస్టేటువారు ఒక్కో సంవత్సరానికి ఇచ్చే వివరాల పత్రంలో ఆ పాళ్లుంటాయి, దింపుకోండి. అప్పుడిక గ్లాసులో వెతకాల్సినవి వాతావరణం, వయసు మాత్రమే.

రెండో వైన్‌నే ఎందుకు ఎంచుకోవాలంటే, ధర ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఇది త్వరగా విచ్చుకుంటుంది. ఆరేడేళ్ల వయసులో ప్రధాన వైన్ ఇంకా తలుపు వేసుకుని కూర్చుంటే, రెండోది అప్పటికే మాట్లాడుతూ ఉంటుంది.

2. సంవత్సరాల ఎంపిక

2014 నుంచి 2021 దాకా తీసుకోండి. లెక్కకు ఎనిమిది, కానీ మీ చేతికి వచ్చేవి ఏడే. 2018లో ఆల్టర్ ఎగో లేదు. ఆ ఏడు వసంతంలో కురిసిన వానలకు బూజు తెగులు తోటను ఊడ్చేసింది. పామెర్ అప్పటికి తోట మొత్తాన్ని బయోడైనమిక్ పద్ధతిలో సాగు చేస్తోంది, అంటే కృత్రిమ రసాయన మందులు వాడదు. దిగుబడి హెక్టారుకు దాదాపు 11 హెక్టోలీటర్లకు, అంటే 1,100 లీటర్లకు పడిపోయింది. మిగిలినదంతా ప్రధాన వైన్‌కే సరిపోయింది. ఎవరైనా 2018 ఆల్టర్ ఎగో ఉందని చెబితే మారు మాట్లాడకుండా ఫోను పెట్టేయండి.

ఆ ఖాళీని బల్ల మీద కూడా ఖాళీగానే ఉంచమని నా సలహా. సీసాల వరుసలో 2017, 2019 మధ్య ఒక ఖాళీ గ్లాసు పెట్టండి. తెగులు ఒక వైన్‌నే మాయం చేసిందన్న సంగతి ఏ వర్ణన కన్నా బాగా అర్థమవుతుంది. మిర్చి, పత్తి పండించిన ఇళ్ల నుంచి వచ్చినవారికైతే విడమరిచి చెప్పనక్కర్లేదు.

వాతావరణం గురించి ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి:

- 2014: జూలై, ఆగస్టు చల్లగా గడిచాయి. సెప్టెంబరు ఎండలు పంటను నిలబెట్టాయి.
- 2015: వేడి, పొడి వేసవి. మార్గో ప్రాంతం ప్రత్యేకంగా బాగా పండింది.
- 2016: వసంతమంతా వాన, ఆ తరువాత సుదీర్ఘమైన పొడి వేసవి, చల్లటి రాత్రులు.
- 2017: ఏప్రిల్ చివర మంచు దెబ్బ. జిరోండ్ నదీముఖానికి దగ్గరి తోటలు చాలావరకు తప్పించుకున్నాయి. సెప్టెంబరులో వానలు.
- 2019: జూన్, జూలైల్లో వడగాలులు, పొడి వేసవి.
- 2020: ముందుగా వచ్చిన వసంతం, నడి వేసవిలో రెండు నెలల వర్షాభావం, తొందర కోతలు.
- 2021: ఏప్రిల్‌లో మంచు, తరువాత బూజు తెగులు, చల్లటి వేసవి. వైన్లలో ఆల్కహాలు తక్కువ.

3. సీసాలు కొనేటప్పుడు

ఏడు సీసాలూ ఒకే చోట నిల్వ ఉన్నవైతే అంతకన్నా కావలసింది లేదు. ఏడు అంగళ్లలో ఏరుకుని కొంటే మీరు రుచి చూసేది ఏడు సంవత్సరాలను కాదు, ఏడు గోదాములను.

సీసా చేతికి వచ్చినప్పుడు చూడాల్సినవి:

- వైన్ మట్టం మెడలోనే ఉండాలి. పదేళ్ల లోపు సీసాలో అది భుజం దగ్గరికి దిగిందంటే కార్కు సరిగా పట్టలేదని అర్థం.
- కార్కు పైకి పొడుచుకు వచ్చి ఉండకూడదు. అలా ఉంటే సీసాలోని వైన్ వేడికి ఉబ్బిందన్నమాట.
- మూత చుట్టూ జిగురుగా కారిన గుర్తు ఉండకూడదు.
- ఎప్పుడు, ఎక్కడ కొన్నారో, ఎలా నిల్వ చేశారో అమ్మేవారు చెప్పగలగాలి. నసిగితే వదిలేయండి.
- డబ్బుకు వీలైతే ఏదో ఒక సంవత్సరానిది రెండో సీసా. దాని అవసరం ఆరో భాగంలో తెలుస్తుంది.

లండన్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవారికి ఈ వేట సులువు. హైదరాబాదులోనో విజయవాడలోనో చేయాలనుకుంటే, ఒకే వైన్ వరుస సంవత్సరాలవి అంగట్లో దొరకడం అరుదు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 2 లీటర్ల మద్యం, అంటే మామూలు సీసాలు రెండు. నలుగురు మిత్రులు తలా రెండు తెస్తే ఏడూ వస్తాయి, ఇంకొకటి మిగులుతుంది. ఇంటికి చేర్చే ముందు రాష్ట్ర ఎక్సైజు నిబంధనలు కూడా చూసుకోండి. విమానం దిగిన సీసాలను కనీసం రెండు వారాలు కదపకుండా పడుకోబెట్టండి.

4. రెండు రోజుల ముందు

సీసాలను నిలువుగా నిలబెట్టండి. అడుగున మడ్డి ఉంటే కిందికి దిగుతుంది. పాత సీసాలకే కాదు, ఏడింటికీ ఇదే చేయండి. అన్నింటికీ ఒకే మర్యాద జరగాలన్నది ఈ సాయంత్రానికి మొదటి నియమం.

తరువాత ఉష్ణోగ్రత. “రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలి” అన్న మాట చాలామందిని ముంచింది. ఆ మాట పుట్టిన గదులు ఐరోపాలో హీటర్లు లేని కాలపు రాతి ఇళ్లవి. మన ఏప్రిల్ నెల గది వాటి పక్కన పొయ్యి. గ్లాసులో పోసినప్పుడు వైన్ 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకన్నా వేడెక్కితే ఆల్కహాలు ముక్కును పొడుస్తుంది, పండు వాసన ఉడికించినట్టు అవుతుంది. మరీ చల్లబడితే వాసన ముడుచుకుని వగరు మాత్రం మిగులుతుంది.

- 28 డిగ్రీల గదిలో ఉన్న సీసాను ఫ్రిజ్‌లో ఉంచి, 40–45 నిమిషాల నుంచి మొదలుపెట్టి అప్పుడప్పుడు పరీక్షించి చూడండి. ఫ్రిజ్ బట్టి సమయం మారుతుంది.
- చిన్న వంటింటి థర్మామీటరు కొనండి. దానికి పెట్టిన డబ్బు ఒక్క గుక్క ఖరీదు చేయదు.
- ఏసీని 21–22 డిగ్రీల దగ్గర పెట్టి, అతిథులు రాకముందే గంటసేపు నడపండి.
- పోసేటప్పుడు 16 దగ్గర ఉంచండి. మాటల్లో పడేసరికి అదే 18కి చేరుతుంది.

5. గది, గ్లాసులు, తమ్మపడిగ

ఆ రోజు ఆ ఇంట్లో తాలింపు వేయకూడదు. అగరుబత్తి వద్దు, మల్లెపూలు వద్దు, అత్తరు వద్దు. నేను మొదటిసారి ఈ కార్యక్రమం పెట్టినప్పుడు పక్క గదిలో సాంబ్రాణి వేసి పది నిమిషాలే అయింది. ఆరుగురం ఏడు గ్లాసుల్లోనూ ‘ధూపం’ అని రాసుకుని, వైన్‌ను మగ్గబెట్టిన ఓక్ పీపా మహిమ అని తీర్మానించాం.

గ్లాసులు తులిప్ ఆకారంలో, నోరు కాస్త మూసుకున్నట్టు ఉండాలి. అన్నీ ఒకే రకం. ఆరుగురికి, ఒక్కొక్కరికి మూడు చొప్పున 18 గ్లాసులు చాలు. ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి వాసన చూడండి. అలమర చెక్క వాసనో, సబ్బు వాసనో, తుడిచిన గుడ్డ వాసనో వస్తే వేడినీళ్లతో కడిగి బోర్లించకుండా ఆరబెట్టండి. ఇది నూటికి తొంభై మంది చేయరు. గ్లాసు తేడాను వైన్ తేడా అనుకునేది కూడా వారే.

ఇక ఉమ్మడం. మనవాళ్లకు ఇదే కష్టం. నలుగురిలో ఉమ్మడం ఏమిటి, పైగా ఇంత ఖరీదైన దాన్ని అంటారు. లెక్క చూడండి: ఈ పద్ధతిలో ఒక్కొక్కరి గ్లాసుల్లోకి వచ్చేది మొత్తం 470 మిల్లీలీటర్లు, సీసాలో సగానికి మించి. అంతా మింగితే నాలుగో గ్లాసు తరువాత రాసింది ఏదీ నమ్మకూడదు. పూర్వం మన ఇళ్లలో తాంబూలం వేసుకున్నవారి పక్కన తమ్మపడిగ ఉండేది, ఎవరూ సిగ్గుపడలేదు. ఒక్కొక్కరికి ఒక స్టీలు చెంబు పెట్టండి, పని జరుగుతుంది. బండి నడుపుతూ వెళ్లేవారు ఎవరైనా ఉంటే వారికి ఉమ్మడం కూడా చాలదు, వెనక్కి తీసుకెళ్లే ఏర్పాటు ముందే చేయండి.

బల్ల మీద ఉండాల్సినవి:

- ఒక్కొక్కరికి మూడు గ్లాసులు, ఒక చెంబు, మంచినీళ్లు
- తెల్ల కాగితం పరిచిన బల్ల, తెల్లటి వెలుతురు
- ఉప్పు, నూనె తగలని మరమరాలు లేదా ఉత్త బ్రెడ్డు
- పెన్ను, ఒక్కో సంవత్సరానికి ఒక కాగితం

ఉండకూడనివి: చీజు, మిక్స్చరు, ఆవకాయ, సోంపు, వక్కపొడి. చీజు వగరును కప్పేస్తుంది. కారం ఆల్కహాలు మంటను పెంచుతుంది. అవన్నీ భోజనం దగ్గర.

6. తెరవడం, చెడిన సీసాను పట్టుకోవడం

అతిథులు రావడానికి రెండు గంటల ముందు ఏడూ తెరవండి. కార్కు తీసి అలాగే వదిలేస్తే గాలి తగిలేది మెడ దగ్గర రూపాయి బిళ్లంత మేరకే. అది చాలదు. ఒక్కో సీసాను నెమ్మదిగా డికాంటర్‌లోకి, అంటే వెడల్పాటి గాజు కూజాలోకి ఒంచండి. మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. సీసాను వాసన లేని నీళ్లతో కడిగి, బాగా కారనిచ్చి, వైన్‌ను తిరిగి అందులోనే పోయండి. లేబుల్ సీసాతోనే ఉంటుంది కనుక ఏది ఏదో తారుమారు కాదు.

ఈ సమయంలో ఒక్కోదాన్నీ మీరొక్కరే చెంచాడు రుచి చూడండి. ఇది మెచ్చుకోవడానికి కాదు, దోషం వెతకడానికి.

- తడిసిన అట్టపెట్టె, బూజుపట్టిన గోనె వాసన, పండు వాసన చచ్చిపోవడం: కార్కు దోషం. గాలి తగిలేకొద్దీ పెరుగుతుంది. మందు లేదు.
- అగ్గిపుల్ల, కుళ్లిన గుడ్డు: గాలి అందక ముడుచుకున్న వైన్. ఇంకోసారి డికాంటర్‌లో పోస్తే చాలాసార్లు పోతుంది.
- గోళ్ల రంగు, వెనిగర్: పులుపు బాక్టీరియా పని. కొద్దిగా ఉంటే సహించవచ్చు.
- పశువుల కొట్టం, గాయానికి వేసే పట్టీ: బ్రెట్టనోమైసెస్ అనే ఈస్టు. కొందరికి ఇష్టం కూడా. కాగితం మీద రాసి ముందుకు సాగండి.
- కోసి వదిలేసిన ఆపిల్, జాములాంటి ఉడుకు వాసన: గాలి లేదా వేడి దెబ్బ. ఆ సంవత్సరం గురించి ఈ సీసాతో తీర్పు చెప్పకండి.

మొదటిదాని గురించి ఇంకో మాట. ఒక సాయంత్రం ఒక సీసాకు మేమంతా అరగంటసేపు ‘తొలకరి మట్టి’ అని మురిసిపోతూ రాశాం. ఆలస్యంగా వచ్చిన మిత్రుడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టి “ఇది అట్టపెట్టె కదా!” అన్నాడు. కార్కు దోషానికి ముక్కు చాలా త్వరగా అలవాటు పడిపోతుంది, పైగా అందరికీ అది ఒకే మోతాదులో తెలియదు. అందుకే అనుమానం వస్తే రెండో మనిషిని పిలవండి. వారికి ఏమీ చెప్పకుండా గ్లాసు ఇవ్వండి. అదనపు సీసా ఉంటే అప్పుడు తీయండి. లేకపోతే ఆ సంవత్సరాన్ని వదిలేయండి. చెడిన సీసాను వరుసలో ఉంచితే దాని పక్కవన్నీ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తాయి.

7. పోసే క్రమం

నా పద్ధతి చాలామంది పద్ధతికి భిన్నంగా ఉండేది ఇక్కడే. పాతదాని నుంచి కొత్తదానికి పోతే 2019, 2020 తరువాత 2021 వస్తుంది. రెండు మండు వేసవుల వైన్ల తరువాత ఒక చల్లటి ఏటి వైన్ ఎవరి నోటికైనా నీళ్లలాగే ఉంటుంది. కొత్తదాని నుంచి పాతదానికి పోతే కొత్త వాటి వగరు నోట్లో పేరుకుని 2014 సున్నితం తెలియకుండా పోతుంది. వరుస సంవత్సరాలు కొన్నంత మాత్రాన వరుసలో తాగాలని లేదు. వాతావరణాన్ని బట్టి జట్లు కట్టండి.

మొదటి విడత, తేలిక సంవత్సరాలు: 2014, 2017, 2021.
రెండో విడత, ఎండ సంవత్సరాలు: 2015, 2019, 2020.
మూడో విడత: 2016, దానికి అటూఇటూ మళ్లీ 2014, 2020.

మొదటి రెండు విడతల్లో ఒక్కో గ్లాసుకు 50 మిల్లీలీటర్లు. మూడో విడతలో 2016ను 50, మిగతా రెండూ 30 చొప్పున. 750 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి ఇలా పంచినా, తొమ్మిదో భాగంలోని పరీక్షకు పోసినా ఇంకా మిగులుతుంది.

ఒక్కో విడతలో మూడూ ఒకేసారి ముందు ఉంటాయి, వాటిలో పాతదాని నుంచి కొత్తదానికి వెళ్లండి. ఇలా చేస్తే ఏం తేలుతుందంటే: ఒకే తరహా వాతావరణం, వేరువేరు వయసులు. కాబట్టి విడత లోపల కనిపించే తేడాలో ఎక్కువ వాటా వయసుది. విడతకూ విడతకూ మధ్య కనిపించేదాంట్లో ఎక్కువ వాటా ఎండా వానలది. ముఖ్యంగా 2014, 2015లను మనసులో పక్కపక్కన పెట్టి చూడండి. వయసులో తేడా ఒక్క ఏడాదే, స్వభావంలో అంతకు మించి ఉంటుంది.

2016 చివరికి ఎందుకంటే అది ఏ జట్టులోనూ సరిగ్గా ఇమడదు. ఎండా ఉంది, చలువా ఉంది. 2014కు దగ్గరగా ఉందా, 2020కి దగ్గరగా ఉందా అన్నదే మూడో విడత ప్రశ్న. నేను అడిగిన జట్లలో దీనికి ఒకే సమాధానం ఎప్పుడూ రాలేదు.

విడతల మధ్య పది నిమిషాల విరామం, కిటికీ తెరవడం, నీళ్లు. కొత్త విడతకు ముందు, ఏ గ్లాసులో ఏ వైన్ పోయబోతున్నారో అదే చెంచాడు పోసి తిప్పి పారబోయండి. నీళ్లతో కడిగితే అడుగున మిగిలిన చుక్కలు వైన్‌ను పలచన చేస్తాయి.

8. ఒక్కో గ్లాసు దగ్గర

మొదటి అయిదు నిమిషాలు మౌనం. ఇది కఠినంగా పాటించండి. గట్టిగా మాట్లాడే మనిషి ఒకరు “చెర్రీ!” అంటే చాలు, మిగతా అయిదు ముక్కులకూ చెర్రీయే తగులుతుంది.

*చూపు.* గ్లాసును తెల్ల కాగితం మీద వాల్చి అంచు చూడండి. ఊదా రంగు ఉంటే పడుచుది. ఇటుక రంగు మొదలైతే వయసు వస్తోంది. ఇక్కడ పది సెకన్లకు మించి అక్కర్లేదు.

*వాసన.* మొదట కదపకుండా, తరువాత తిప్పి. బ్లాక్‌కరెంట్, సెడార్ అన్న మాటలు అరువు తెచ్చుకోకండి, మీరెప్పుడూ వాసన చూడని పండు పేరు రాసి లాభం లేదు. మన ముక్కుకు తెలిసినవి చాలు: నేరేడు, ఎండు ఖర్జూరం, పెన్సిలు చెక్కిన పొడి, పచ్చి క్యాప్సికం, ఆరబెట్టిన పొగాకు, తోలు చెప్పులు, వాన వెలిసిన తోటలో తడిసిన ఆకులు. కాబర్నే పూర్తిగా పండని ఏట పచ్చి క్యాప్సికం వాసన రావచ్చు, మొదటి విడతలో దానికోసం ప్రత్యేకంగా వెతకండి. పొగాకు, తోలు, తడి ఆకులు వయసుతో వచ్చేవి.

*నోరు.* ఇక్కడ తెలుగువారికి ఒక వరం ఉంది. కొత్తగా రుచి చూసే పాశ్చాత్యులు టానిన్‌ను, అంటే వైన్‌కు వగరునిచ్చే పదార్థాన్ని, చేదుతో కలిపేస్తుంటారు. మనకు వగరు వేరు, చేదు వేరు అని చిన్నప్పుడే తెలుసు. నేరేడు పండు తిన్న నోరు గుర్తు తెచ్చుకోండి: తీపి, పులుపు, ఆ వెనక నాలుకను పట్టే వగరు. రెడ్ వైన్ నిర్మాణమంతా అందులో ఉంది. అందుకే ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

- వగరు ఎంత అని కాదు, ఎలాంటిది? పట్టులా జారుతోందా, నూలులా పడుతోందా, గోనెలా గీస్తోందా?
- పులుపు: ఉమ్మిన తరువాత దవడల పక్కన నీళ్లు ఊరుతున్నాయా, చింతకాయ తలచుకున్నప్పటిలా?
- ఆల్కహాలు: గొంతులో వెచ్చదనమా, మంటా?
- ఉమ్మాక రుచి ఎంతసేపు నిలిచింది? సెకన్లు లెక్కపెట్టండి. చివరికి మిగిలింది పండా, వగరా?

నాలుగో ప్రశ్నలో ముఖ్యమైనది రెండో సగం. చివర పండు మిగిలితే ఆ సీసాకు ఇంకా ఆయుష్షు ఉంది. వగరే మిగిలి పండు ముందే వెళ్లిపోతే, ఎన్నేళ్లు దాచినా అది మెరుగుపడదు.

లేబుల్ మీద ఉన్న ఆల్కహాలు శాతాన్ని మీ మాటలు రాసిన తరువాతే చూడండి. ఆ అంకె అర శాతం మెట్లలో ముద్రిస్తారు కనుక అసలు విలువ కొద్దిగా అటూఇటూ ఉండవచ్చు.

నూటికి మార్కులు వేయకండి. 91కీ 92కీ మధ్య ఏముందో వేసినవారికే తెలియదు. విడతలో మూడింటినీ ‘ఇవాళ తాగాలి’, ‘ఇంకా దాచాలి’, ‘తొందరగా ముగించాలి’ అని విడదీస్తే చాలు. ఇంట్లో మిగిలిన సీసాలకు అదే పనికొస్తుంది.

9. త్రికోణ పరీక్ష

రెండో విడత అయ్యాక ఇది చేయండి. ఆడంబరాన్ని తగ్గించడంలో దీనికి సాటి లేదు.

2019, 2020 మధ్య తేడా తెలుసని అప్పటికి అందరూ అంటూ ఉంటారు. మీరు లోపలికి వెళ్లి ఒక్కొక్కరికి మూడు గ్లాసుల్లో 20 మిల్లీలీటర్లు పోయండి: రెండింటిలో 2019, ఒకదానిలో 2020. ఏ గ్లాసులో ఏదో మీరు మాత్రమే రాసుకోండి. గ్లాసుల స్థానాలు మనిషి మనిషికీ మార్చండి. మూడింటిలో వేరుగా ఉన్నది ఏదో కనిపెట్టడమే పని.

ఊహించి చెప్పినా ముగ్గురిలో ఒకరు సరిగా చెప్పేస్తారు. కాబట్టి ఆరుగురిలో ఇద్దరు గెలిస్తే అది గెలుపు కాదు. అయిదుగురు సరిగా చెబితే తేడా నిజంగా తెలుస్తోందని నమ్మవచ్చు; కేవలం అదృష్టంతో అలా జరిగే అవకాశం నూటికి రెండు కన్నా తక్కువ. మీరు పోసేవారు కనుక మీకు ఇందులో పాల్గొనే వీలు లేదు. ఆరో మనిషిగా ఎవరైనా రావాలి, లేదా పోయడానికి ఇంట్లో వారెవరినైనా అడగాలి.

ఫలితం నిరాశపరిస్తే మీ కాగితాలు చింపకండి. ‘2019 గొప్ప, 2020 ఇంకా గొప్ప’ వంటి వాక్యాలు మాత్రం కొట్టేయండి.

10. మధ్యలో ఏదైనా తప్పితే

*అన్నీ వగరుగానే ఉన్నాయి.* వైన్ చల్లగా ఉంది. గ్లాసును రెండు అరచేతుల మధ్య మూడు నిమిషాలు పట్టుకుని మళ్లీ చూడండి.

*అన్నీ మందు వాసన కొడుతున్నాయి.* వేడెక్కాయి. సీసాలను అయిదు నిమిషాలు చన్నీళ్ల బకెట్లో ఉంచండి. గ్లాసులో మంచు ముక్కలు మాత్రం వద్దు.

*నోరు మొద్దుబారింది.* మరమరాలు, నీళ్లు, పది నిమిషాలు. కాఫీ తాగి వచ్చినవారికి ఇంకాస్త ఎక్కువ.

*ముక్కుకు ఏమీ అందడం లేదు.* మీ మోచేతి మడతను వాసన చూడండి. మీకు అలవాటైన మీ వాసన ముక్కును తిరిగి మొదటికి తెస్తుంది. వినడానికి వింతగా ఉన్నా వృత్తిలో ఉన్నవారూ చేసే పనే.

*ఒకరు అందరినీ ఒప్పించేస్తున్నారు.* వారినే చివర మాట్లాడమనండి.

*2021 ఎవరికీ నచ్చలేదు.* భోజనం దగ్గరికి దాచండి. పప్పు చారుతో కాదు, కారం తగ్గించిన వేపుడు మాంసంతో మళ్లీ పోయండి. బల్ల మీద వెనకబడిన తేలికపాటి వైన్లు కంచం పక్కన ముందుకు రావడం నేను పదేపదే చూశాను.

11. మర్నాడు

మిగిలిన వైన్‌ను సగం సీసాల్లో, 375 మిల్లీలీటర్ల వాటిలో, మెడ దాకా నింపి, మూత బిగించి, సంవత్సరం రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. అంతకు సరిపడా మిగలకపోతే ఇంకా చిన్న సీసా వెతకండి. పైన ఖాళీ ఉండకూడదన్నదే లెక్క.

మర్నాటి సాయంత్రం 16 డిగ్రీలకు తెచ్చి, ఒక్కరే కూర్చుని, మొదటి రోజు కాగితాలు చూడకుండా రుచి చూడండి. రాత్రికి రాత్రే కూలిపోయినది ఏది, నిన్నటికన్నా తెరుచుకున్నది ఏది అన్నది గమనించండి. తెరుచుకున్నదానికి ఇంకా కాలం ఉంది. ఈసారి రాసేది వేరే రంగు సిరాతో, అదే కాగితం మీద, నిన్నటి మాటల కింద రాయండి.